తోటకూర మడా, రేల చెట్టా? పెరటి జాగా కొలిచి తేల్చుకునే పద్ధతి

ఇల్లు కట్టగా మిగిలిన కాస్త మట్టిలో ఏం వేయాలన్న మాట వచ్చేసరికి ఇంట్లో రెండు పక్షాలు తయారవుతాయి. ఒకరు రోజూ వంటింట్లోకి వచ్చే ఆకుకూర కావాలంటారు. ఇంకొకరు గేటు పక్కన వేసవిలో పసుపు గుత్తులు వేలాడే రేల చెట్టు కావాలంటారు. ఒకరు రుచిని, మరొకరు అందాన్ని పట్టుకుని వాదిస్తారు కనుక ఆ వాదన ఎన్నటికీ తెగదు. దాన్ని తెంపగలిగేది ఎండ. మీ జాగాలో ఏ నెలలో ఎన్ని గంటలు ఎండ పడుతుందో, చెట్టు పెరిగాక దాని నీడ ఎటు వాలుతుందో ముందు లెక్క వేయండి. ఇష్టాయిష్టాల సంగతి ఆ తర్వాత చూడవచ్చు.

ఇక్కడ తోటకూరను, రేలను పక్కపక్కన పెట్టడానికి కారణం ఉంది. రెండూ మన నేలకు అలవాటైనవే, రెండూ చవకే, రెండూ పూర్తి ఎండను కోరేవే. తేడా అంతా కాలంలో ఉంది. తోటకూర నెల తిరిగేసరికి కంచంలోకి వస్తుంది, నచ్చకపోతే పీకేసి మరొకటి వేసుకోవచ్చు. రేల పూత చూడటానికి ఏళ్లు పడుతుంది. నాటాక చోటు మార్చడం దాదాపు కుదరదు.

ముందుగా ఎండను కాగితం మీద గీయండి

ఒక తెల్ల కాగితం మీద మీ స్థలం గీసి, ఉత్తరం ఎటో గుర్తు పెట్టండి. ఇల్లు, ప్రహరీ, నీళ్ల ట్యాంకు, పక్కింటి మేడ, ఉన్న చెట్లు అన్నీ వేయండి. సెలవు రోజున ఉదయం 8 నుంచి సాయంత్రం 4 వరకు రెండు గంటలకోసారి బయటికి వచ్చి, ఎండ పడుతున్న భాగం చుట్టూ గీత గీయండి. అయిదు గీతల లోపలికీ వచ్చే చోటు మీ అసలు సాగు భూమి.

అయితే ఒక్క రోజు గీసిన పటం మోసం చేస్తుంది. సూర్యుడు ఏడాదంతా ఒకే దారిలో నడవడు. హైదరాబాదులో డిసెంబరు 22 ప్రాంతంలో మిట్ట మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన దాదాపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు 20 అడుగుల చెట్టు నీడ ఉత్తరం వైపు 17 అడుగులు పరుచుకుంటుంది. అదే చెట్టు నీడ జూన్ 21 మధ్యాహ్నం రెండడుగులే ఉంటుంది, అదీ దక్షిణం వైపు. విశాఖపట్నంలోనూ లెక్క దాదాపు ఇంతే. తిరుపతిలో డిసెంబరు నీడ కొంచెం పొట్టిది, 20 అడుగులకు 15 అడుగులు.

ఇది తెలిశాక పక్కింటి మేడను కూడా కొత్తగా చూస్తారు. మీకు దక్షిణాన 22 అడుగుల మేడ ఉంటే చలికాలం మధ్యాహ్నం మీ వైపు 19 అడుగుల వరకు నీడే. మే నెలలో గీసిన పటంలో ఆ భాగం ఎండగా కనిపిస్తుంది, సంక్రాంతికి అక్కడ ఆకుకూర పాలిపోయి నిలబడుతుంది.

తోటకూరకు రోజుకు కనీసం అయిదారు గంటల నేరు ఎండ కావాలి. మొక్కజొన్న, చెరకుల్లాగే ఎండ ఎంత గట్టిగా ఉంటే అంత వేగంగా పెరిగే తీరు దీనిది. నాలుగు గంటలు కూడా లేని చోట కాడలు సన్నగా సాగి, ఆకులు చిన్నవై, తెగుళ్లు పట్టుకుంటాయి. రేలకూ పూత బాగా రావాలంటే ఎండే కావాలి. కానీ దానికి ఒక వెసులుబాటు ఉంది. ప్రహరీ పక్కన సగం నీడలో మొదలైనా నాలుగేళ్లలో గోడ దాటి పైకి పోయి తన ఎండ తాను తెచ్చుకుంటుంది. అందుకే అరకొర ఎండ ఉన్న మూల చెట్టుకి, నిండు ఎండ పడే చోటు మడికి కేటాయించండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మంచి ఎండ ఉన్న నడిమి జాగాలో చెట్టు నాటి, మిగిలిన నీడ మూలల్లో ఆకుకూర గింజలు చల్లి, విత్తనాలు మంచివి కావని అంగడివాడిని తిట్టుకుంటారు.

వాస్తు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. పెద్ద చెట్లు దక్షిణం, పడమరల్లో ఉండాలని, ఈశాన్యం తెరిపిగా ఉండాలని చెబుతారు. ఎండ లెక్క ప్రకారం దక్షిణాన చెట్టు ఉంటే చలికాలం పెరడంతా దాని నీడలో పడుతుంది. ఆకుకూరల మాట తలపెట్టినవారికి చెట్టు ఉత్తరాన ఉండటమే మేలు. మధ్యేమార్గం పడమర. అక్కడ నాటితే ఉదయపు ఎండ మడికి దక్కుతుంది, మధ్యాహ్నం మూడు దాటాక మండే ఎండ కాస్త ఆగుతుంది, పెద్దల మాటా నిలుస్తుంది.

నేల, నీళ్లు

అడుగు లోతు గుంత తీసి నీళ్లతో నింపండి. ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీళ్లు మూడు నాలుగు గంటల్లో ఇంకితే ఏ దిగులూ లేదు. తెల్లవారినా నిలిచి ఉంటే ఆ చోట రేల నాటకండి, వేళ్లు ఊపిరాడక చెట్టు ఎదగదు. తోటకూరకు మాత్రం దారి ఉంది. మడిని 6 నుంచి 9 అంగుళాలు ఎత్తు చేస్తే చాలు. నల్లరేగడి నేలల్లో ఎలాగూ ఎత్తు మడే మంచిది.

కొత్తగా కట్టిన ఇళ్ల దగ్గర పైన ఎర్రమట్టి పరిచి ఉంటుంది, జానెడు కింద సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు తగులుతాయి. ఆకుకూరకు పై 8 అంగుళాల మట్టి బాగుంటే సరిపోతుంది. చెట్టుకు రెండడుగుల లోతు వరకు ఆ చెత్తంతా తీసేయాలి.

ఒక్క విషయంలో పట్టుదలగా ఉండండి. మురుగు కాలువ పక్కన, సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే చోట, బండ్లు ఎడతెగకుండా తిరిగే రోడ్డును ఆనుకుని ఆకుకూర వేయవద్దు. సీసం, కాడ్మియం వంటి లోహాలు నేలలో ఉంటే వేళ్లు వాటిని తీసుకుని ఆకుల్లో చేరుస్తాయి, ఎంత కడిగినా పోవు. హైదరాబాదు దిగువన మూసీ వెంట మురుగు కలిసిన నీటితో ఆకుకూరలు పండిస్తున్నారని తెలిసి ఇంట్లో వేసుకుందామనుకునేవారు తమ పెరటి కాలువ పక్కనే మడి కడితే చేసిన పని వృథా.

చెట్టు పెద్దదయ్యాక ఎంత ఉంటుందో నేల మీద కొలవండి

నర్సరీలో మూడడుగుల మొక్కను చూసి నిర్ణయం తీసుకోకండి. ఇళ్ల దగ్గర రేల సాధారణంగా 25 నుంచి 40 అడుగుల ఎత్తు పెరుగుతుంది, కొమ్మలు 20 అడుగులకు పైగా విస్తరిస్తాయి. నాటాలనుకున్న చోట ఒక పుల్ల గుచ్చి, దానికి పది పన్నెండు అడుగుల తాడు కట్టి చుట్టూ తిరగండి. ఆ గుండ్రంలోకి ప్రహరీ వస్తోందా? పక్కింటి వరండా వస్తోందా? తల ఎత్తితే కరెంటు తీగలు కనిపిస్తున్నాయా? ఇంటి గోడకు 12 నుంచి 15 అడుగులు, సెప్టిక్ ట్యాంకుకు 20 అడుగులు ఎడం లేకపోతే రేల ఆలోచన మానుకోండి.

రెండు వందల గజాల స్థలం తీసుకుందాం. వెడల్పు 30 అడుగులు, పొడవు 60. ఇల్లు పోగా ముందు పది అడుగులు మిగులుతుంది. అందులో మధ్యలో నాటినా చెట్టు సగం మీ స్లాబు మీద, సగం రోడ్డు మీది తీగల్లో ఉంటుంది. విద్యుత్ సిబ్బంది ఏటా వర్షాలకు ముందు వచ్చి ఒకవైపు కొమ్మలు నరికి వెళ్తారు, చెట్టు గూని పడుతుంది. ఇలాంటి చోట పసుపు పూలే కావాలంటే తంగేడు వేసుకోండి. బతుకమ్మలో పేర్చే ఈ పువ్వు తెలంగాణ రాష్ట్ర పుష్పం, రేలకు దగ్గరి చుట్టం. నిలువెత్తు పొదగా ఉంటుంది, నీళ్లు పెద్దగా అడగదు, వానాకాలం చివర విరగబూస్తుంది. చెట్టు ఆకారమే కావాలంటే పారిజాతమో దేవగన్నేరో చాలు. దేవగన్నేరు కొమ్మ విరిస్తే కారే పాలు చర్మానికీ కళ్లకూ మంచివి కావు, పిల్లలున్న ఇంట్లో అది గుర్తుంచుకోవాలి.

తర్వాత కొట్టేయవచ్చులే అనుకోవడమూ పొరపాటే. రెండు రాష్ట్రాల్లోనూ 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం అమల్లో ఉంది. వాల్టా అని పిలిచే ఈ చట్టం కింద సొంత స్థలంలోనైనా చాలా రకాల చెట్లు కొట్టడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. తోటకూరనాడే చెప్పకపోయావా అని సామెత. చెట్టు విషయంలో ఆ చెప్పాల్సిన రోజు గుంత తవ్వే రోజే.

మీ చేతికి ఎంత తీరిక ఉంది?

తోటకూరకు రోజూ పావుగంట కావాలి. వేసవిలో ఒక్క రోజు నీళ్లు తప్పితే సాయంత్రానికి తల వాలుస్తుంది. రేలకు మొదటి రెండు మూడు వేసవులు వారానికోసారి నీళ్లు, తర్వాత వాన చాలు. కానీ చీపురు పని మాత్రం ఆగదు. మార్చిలో ఆకు రాలుతుంది, మే నెలలో పూరేకులు రాలుతాయి, ఆపైన జానల కొద్దీ పొడవున్న నల్లటి కాయలు ఎప్పుడు పడితే అప్పుడు రాలుతుంటాయి. కారు నిలిపే చోట నాటితే ప్రతి ఉదయం కారు తుడవాల్సిందే.

అద్దె ఇల్లయితే ఆలోచనే అక్కర్లేదు, తోటకూర వేయండి. ఇంకా ఇల్లు కట్టని ఖాళీ స్థలమైతే, ఇంటి పటం గీయించాక, ఇల్లు రాని ఉత్తరపు మూలనో పడమటి మూలనో రేల నాటండి. మీరు కట్టుకునేలోపు అది ఎదుగుతుంది. మేడ మీద మాత్రమే జాగా ఉన్నవారికి తోటకూర తొట్లు, అంతే. కుండీలో రేలను బతికించవచ్చని చెప్పేవాళ్లు ఉన్నారు, అది బతకడమే, పూయడం కాదు. మూడు వందల గజాలు దాటిన స్థలం, పల్లెటూరి పెరడు ఉన్నవారు రెండూ వేసుకోవచ్చు.

తోటకూర వేసే తీరు

విత్తనం ఎంచుకునేటప్పుడు ఏ వంట చేస్తారో చూసుకోండి. పప్పులోకి, వేపుడుకు లేత పచ్చ తోటకూర చాలు. కాడలతో పులుసు పెట్టే ఇంటికి పెరుగు తోటకూర కావాలి. పలుమార్లు కోసుకోవడానికి బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క సుగుణ బాగుంటుంది. అదే సంస్థ నుంచి వచ్చిన అర్క అరుణిమ ఊదారంగు ఆకులతో ఉంటుంది, పూలమొక్కల మధ్య వేసినా కంటికి ఇంపే. రాజేంద్రనగర్ రకం ఆర్‌ఎన్‌ఏ-1 కూడా పేరున్నదే. అందం కావాలన్న పక్షాన్ని మెత్తబరచడానికి ఎర్ర తోటకూర అంచు కట్టిన మడి మంచి ఉపాయం.

మడి వెడల్పు 3 అడుగులు దాటనివ్వకండి, రెండు వైపుల నుంచీ చేయి నడిమికి అందాలి, కాలు లోపల పడకూడదు. పొడవు 10 అడుగులు అనుకుందాం. మట్టిని 6 నుంచి 8 అంగుళాల లోతు తవ్వి, గడ్డలు చిదిపి, బాగా చివికిన పశువుల ఎరువు ఏడెనిమిది కిలోలు కలపండి. పచ్చి పేడ వేస్తే కలుపు, చెదలు వస్తాయి.

ఒక గ్రాములో వెయ్యికి పైగా గింజలు ఉంటాయి. ఈ మడికి అర టీస్పూను చాలు. చేతి నిండా తీసి చల్లితే ఒకచోట గుంపుగా, ఒకచోట బోడిగా మొలుస్తుంది. గింజలకు పదింతల సన్న ఇసుక కలిపి, సగం గింజలు మడి పొడవునా, మిగిలిన సగం అడ్డంగా చల్లండి. పైన జల్లించిన ఎరువు పలచగా రాల్చండి. గింజ లోతుకు పోతే మొలక పైకి రాదు. జల్లుగా నీళ్లు పోసి తడి గోనెసంచి కప్పండి. చీమలు గింజలు మోసుకుపోతాయి కాబట్టి మడి చుట్టూ బూడిద చల్లడం మరచిపోవద్దు. నాలుగైదు రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. కనిపించిన పూటే గోనె తీసేయాలి, ఒక రోజు ఆలస్యమైనా మొలకలు తెల్లగా సాగిపోతాయి.

ఒకేసారి మడంతా చల్లకుండా సగం ఇప్పుడు, సగం పదిహేను రోజుల తర్వాత చల్లితే ఆకు ఎడతెగకుండా అందుతుంది.

పన్నెండు, పదిహేను రోజులకు మొక్కకూ మొక్కకూ మూడు నాలుగు అంగుళాల ఎడం ఉండేలా ఒత్తుగా ఉన్నవి పీకేయండి. ఆ పీకిన లేత మొక్కలే మొదటి పప్పు. 25 నుంచి 30 రోజులకు అసలు కోత. వేళ్లతో సహా పీకడం కన్నా, నేల నుంచి రెండు మూడు అంగుళాలు వదిలి పదునైన కత్తితో కోయండి. పక్కల నుంచి చిగుళ్లు వచ్చి పది పన్నెండు రోజులకు మళ్లీ కోతకు వస్తుంది. కోసిన ప్రతిసారీ గుప్పెడు వర్మీకంపోస్టు వేసి నీళ్లు పెట్టండి. ఆకు ఎదగాలని యూరియా కుమ్మరిస్తే ఆకుల్లో నైట్రేట్లు పేరుకుంటాయి. మామూలు యాజమాన్యంలో చదరపు మీటరుకు కిలో నుంచి రెండు కిలోల ఆకు వస్తుంది, అంటే ఈ మడి మీద అన్ని కోతలూ కలిపి మూడు నుంచి అయిదు కిలోలు.

ఆకులు ముడుచుకుని దారాలతో అల్లుకున్నట్టు కనిపిస్తే లోపల ఆకుపచ్చని గొంగళి పురుగు ఉంటుంది. కొన్నే ఉంటే చేత్తో ఏరేయండి. ఎక్కువైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పిచికారీ చేసి, కొన్ని రోజులు కోత ఆపండి. వానల్లో ఆకు అడుగున తెల్లని బుడిపెలు, పైన పసుపు మచ్చలు వస్తే అది తెల్ల తుప్పు తెగులు. ఆ ఆకులు తీసి దూరంగా పారేయండి, సాయంత్రం వేళ ఆకుల మీద నీళ్లు పోయడం మానేయండి, తర్వాతి పంటకు ఆ మడిలో గోంగూరో మెంతో వేయండి. కోతుల బెడద ఉన్న ఊళ్లలో వల లేకుండా మడి మొదలుపెట్టడం దండగ.

తొలకరి నుంచి దసరా దాకా తోటకూరకు మంచి కాలం. పగటి పొద్దు తగ్గేకొద్దీ ఇది తొందరగా కంకి వేస్తుంది, అందుకని చలికాలం దీనితో కుస్తీ పట్టకండి. అప్పుడు అదే మడిలో పాలకూర, మెంతి, కొత్తిమీర చక్కగా వస్తాయి. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు తోటకూర ఎంత తినవచ్చో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి, ఇందులో ఆక్సలేట్లు ఎక్కువ.

రేల నాటే తీరు

మొక్క కొనడమే సులువు. కొనేటప్పుడు ఎత్తు చూసి మురిసిపోకండి. సంచి అడుగున వేరు బయటికి పొడుచుకొచ్చి నేలలో దిగి ఉంటే దాన్ని పీకి ఇస్తారు, తల్లివేరు అక్కడే తెగుతుంది. కాండం నిటారుగా, ఆకులు పచ్చగా ఉన్న రెండు మూడడుగుల మొక్క చాలు.

గింజ నుంచే పెంచాలనుకుంటే ఎండిన నల్లటి కాయ పగలగొట్టండి. అరల్లో నల్లని గుజ్జు మధ్య మెరిసే గింజలు ఉంటాయి. పెంకు గట్టిది కాబట్టి నేరుగా పాతితే నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. గింజ అంచును గరుకు కాగితంతో రుద్దండి, లేదా మరిగించి దించిన నీళ్లలో వేసి రాత్రంతా వదిలేయండి. ఉబ్బిన గింజలే విత్తండి. కాయ గుజ్జు విరేచనకారి. ఆయుర్వేదంలో ఆరగ్వధం పేరుతో ఇది మందే గానీ, చింతపండులా ఉందని పిల్లలు నోట్లో పెట్టుకుంటే మాత్రం కడుపు జారుతుంది.

జూన్, జులైలలో మంచి వాన పడ్డాక నాటండి. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీసి కొన్ని రోజులు ఎండనివ్వండి. పైమట్టిలో పది కిలోల చివికిన ఎరువు, రెండు గుప్పిళ్ల వేప పిండి కలిపి గుంత నింపి, నడుమ మొక్కను సంచిలో ఎంత లోతున ఉందో అంతే లోతున పెట్టండి. మొదలు చుట్టూ మట్టి ఎగదోస్తే కాండం కుళ్లుతుంది. ఊతకర్రను వదులుగా కట్టండి. మొదలుకు అడుగు దూరంలో గుండ్రంగా పాదు చేసి, ఎండుటాకులు కప్పండి.

మొదటి రెండేళ్లు చెట్టు ఎదగడం లేదనిపిస్తుంది. కంగారుపడి ఎరువులు కుమ్మరించకండి, అది ముందు వేళ్లను దించుకుంటోంది. వేసవిలో వారానికోసారి పది పదిహేను లీటర్లు నెమ్మదిగా పోస్తే చాలు. రోజూ చెంబెడు పోస్తే వేళ్లు పైపైనే తిరిగి గాలికి చెట్టు ఒరుగుతుంది. కింది కొమ్మలను ఏటా ఒకటి రెండు తీసేస్తూ, ఆరేడు అడుగుల వరకు కాండం నున్నగా వచ్చేలా చూడండి. ఆ పని పూత అయ్యాక జూన్, జులైలలోనే చేయాలి. జనవరి, ఫిబ్రవరిలలో కత్తిరిస్తే ఆ ఏటి పూలను కత్తిరించినట్టే. గింజ నుంచి పెంచిన చెట్టు పూతకు రావడానికి అయిదారేళ్లు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది.

వానాకాలంలో లేత ఆకులను ఆకుపచ్చని గొంగళి పురుగులు కొరికేస్తాయి. తోటకూర మీద పురుగును ఏరినంత శ్రద్ధ ఇక్కడ వద్దు. ఇవి లేత పసుపు రంగు సీతాకోకచిలుకల పిల్లలు, రేల వాటికి పుట్టినిల్లు. ఆకు మళ్లీ వస్తుంది.

రెండూ ఒకే పెరట్లో ఉండాలంటే

ఈ రెండింటి పంచాంగాలు ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి. రేల మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆకు రాల్చి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా పూలతో ఉంటుంది. కేరళలో ఏప్రిల్ మధ్యలో వచ్చే విషు పండుగకు ఈ పూలే పెట్టడం అందుకే కుదిరింది. అంటే మండు వేసవిలో ఇంటికి నీడ కావాల్సినప్పుడు రేల దాదాపు బోడిగా ఉంటుంది. నీడ కోసమే చెట్టు నాటుతున్నవారికి ఇది సరైన ఎంపిక కాదు, వేపో కానుగో నాటుకోవాలి. మరోవైపు డిసెంబరు, జనవరిలో పాలకూర, మెంతి ఎండ కోసం చూసే వేళకు రేల నిండు ఆకుతో, ఏడాదిలోకెల్లా పొడవైన నీడతో నిలబడి ఉంటుంది. 30 అడుగుల చెట్టుకు అప్పటి మధ్యాహ్నపు నీడ 26 అడుగులు. అందుకే మడి చెట్టుకు దక్షిణాన ఉండాలి. కుదరకపోతే తూర్పున.

కొమ్మల గుండ్రం కింద నేల మీద మడి వేయవద్దు. పైమట్టిలో అల్లుకున్న చెట్టు వేళ్లు మీరు పోసిన నీళ్లూ ఎరువూ ముందు తాగేస్తాయి. పప్పుజాతి చెట్టు కాబట్టి నేలకు నత్రజని ఇస్తుందని కొందరు చెబుతారు, కానీ నత్రజని పట్టే సూక్ష్మజీవులు ఉండే బుడిపెలు రేల వేళ్ల మీద ఏర్పడవు. చెట్టు నుంచి మడికి నిజంగా దక్కేది రాలిన ఆకు. మార్చిలో ఊడ్చిన ఆకును తగలబెట్టకుండా, ఒక మూల గుంతలో కాస్త పేడనీళ్లు చల్లుతూ తడిగా ఉంచండి. వేసవి ఎండకు త్వరగా చివుకుతుంది, తొలకరి విత్తనానికి కొంతైనా అందుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు లెక్క మారుతుంది. డాలస్ చలికి రేల తట్టుకోదు. అక్కడ పూల చెట్టు అంటే ఇళ్ల ముందు విరివిగా కనిపించే క్రేప్ మర్టిల్. తోటకూర మాత్రం మంచు భయం పోయి నేల వేడెక్కిన తర్వాత చల్లితే వేసవంతా బ్రహ్మాండంగా వస్తుంది. అక్కడ డిసెంబరు నీడ చెట్టు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు, 20 అడుగుల చెట్టుకు 30 అడుగులు. కానీ అప్పుడు ఎలాగూ క్రేప్ మర్టిల్ ఆకు రాల్చి ఉంటుంది, తోటకూర మడి ఖాళీగా ఉంటుంది కాబట్టి తగవు తక్కువ.

ఇంకా తేలకపోతే

ఈ ఏడాది చెట్టు కోసం అనుకున్న చోట కూడా తోటకూరే వేయండి. చలికాలం వచ్చాక ఆ మడిలో పాలకూర చల్లి, చెట్టు వచ్చే చోట రేల ఎత్తుకు దగ్గరగా ఒక వెదురు గడ పాతి, మధ్యాహ్నం దాని నీడ ఎక్కడ పడుతోందో చూడండి. గడ 15 అడుగులే దొరికితే నీడను రెట్టింపు చేసి లెక్కించండి. ఈలోపు రేల మొక్కను కొని పెద్ద సంచిలో పెంచుకోవచ్చు. దాన్ని నేల మీద నేరుగా పెట్టకుండా రెండు ఇటుకల మీద నిలబెట్టండి, లేకపోతే వేరు అడుగున దిగిపోతుంది. వచ్చే తొలకరికి చోటు ఖాయం చేసి నాటేయండి. అంతకు మించి సంచిలో ఉంచితే తల్లివేరు చుట్టలు చుట్టుకుంటుంది, ఆ మొక్కను ఎవరికైనా ఇచ్చి కొత్తది తెచ్చుకోవడమే మంచిది.